చేతి పనిముట్లతో మొదటి స్టూలు: పదును నుంచి పాలిష్ దాకా

ఉలి, రంపం, చిత్రిక కొనుక్కుని "ఇప్పుడు ఎక్కడ మొదలెట్టాలి?" అని అడిగేవాళ్లు చాలామంది. ఇంకొందరు ఒకటి రెండు వస్తువులు చేసి "అతుకు వదులైపోతోంది, ఎక్కడ తప్పుతున్నాను?" అని అడుగుతున్నారు. ఇద్దరికీ నా జవాబు ఒకటే. అతుకు దగ్గర కనిపించే తప్పు సాధారణంగా అతుకు దగ్గర జరగదు. అంతకు ముందే చెక్క ముఖం సమం కాకపోవడంలోనో, గీత మందంగా పడటంలోనో, ఉలి మొద్దుబారడంలోనో జరిగిపోయి ఉంటుంది. అందుకే ఇక్కడ కోత కన్నా కోతకు ముందు పనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

నేర్చుకోవడానికి నాలుగు కాళ్ల స్టూలు తీసుకుందాం. కాళ్లకు పట్టీలను కుసి, బెజ్జం పద్ధతిలో కలుపుతాం. పట్టీ చివర నాలుకలా కోసిన భాగం కుసి. అది దూరడానికి కాలిలో తొలిచిన గాడి బెజ్జం. ఈ అతుకు చేతికి వస్తే బల్ల, కుర్చీ, మంచం అన్నిటికీ దారి దొరికినట్టే.

1. కొలతలు, సామాను

స్టూలు ఎత్తు 450 మి.మీ. ముక్కల పూర్తి కొలతలు ఇవి:

- కాళ్లు 4: 40 × 40 మి.మీ., పొడవు 428. కోసేటప్పుడు మాత్రం 455 ఉంచండి. పైన మిగిలే ఆ అదనపు ముక్క బెజ్జం తొలిచేటప్పుడు కాలు చీలకుండా కాపాడుతుంది.
- పొడవు పట్టీలు 2: 70 × 20 మి.మీ., పొడవు 312. ఇందులో రెండు చివర్లా 26 చొప్పున కుసులు కలిసి ఉన్నాయి.
- పొట్టి పట్టీలు 2: 70 × 20 మి.మీ., పొడవు 212.
- పై పలక: 400 × 300 × 22 మి.మీ. రెండు మూడు చెక్కలు అతికి చేసుకోవచ్చు.

కావలసిన పనిముట్లు:

- 6 మి.మీ. ఉలి, 20 లేదా 25 మి.మీ. ఉలి
- కొడతి, అంటే కొయ్య సుత్తి
- నిలువు కోతకు (చెక్క నార వెంట) ఒక రంపం, అడ్డకోతకు (నారకు అడ్డంగా) ఒక రంపం
- ఇనప చిత్రిక ఒకటి
- మూలమట్టం, రెండు ముళ్ల మార్కింగ్ గేజ్ (అంచుకు సమాంతరంగా గీతలు గీసే సాధనం), గీత గీసే కత్తి
- సానరాళ్లు: 1000 గ్రిట్, 6000 గ్రిట్
- క్లాంప్‌లు కనీసం నాలుగు
- కదలని బల్ల

చివరిది తేలిగ్గా తీసుకోకండి. బల్ల ఊగితే మీ బలంలో సగం ఆ ఊపులోనే పోతుంది, చేతి అదుపూ తప్పుతుంది. బల్లను గోడకు బిగించినా సరే, ముందు ఊపు ఆపండి.

2. చెక్క ఎంపిక

మొదటిసారి మరీ గట్టి చెక్క, మెలికల నారున్న చెక్క వద్దు. నార నిటారుగా నడిచే, ముళ్లు లేని చెక్క తీసుకోండి. ముఖ్యంగా కాళ్లకు. నార ఏటవాలుగా ఉన్న కాలు బరువు పడగానే ఆ వాలు వెంటే చీలుతుంది.

చెక్క ఆరి ఉండాలి. ఇంట్లో వాడే సామానుకు తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే మంచిది. తేమ కొలిచే మీటర్ లేకపోతే ముక్కలను కాస్త పెద్దగా కోసి, వాటి మధ్య సన్న పట్టీలు పెట్టి, పని చేసే గదిలోనే రెండు వారాలు పేర్చి ఉంచండి. ఆ తర్వాత వంకర తిరిగినవి వాటంతట అవే బయటపడతాయి. స్టూలు అయ్యాక తిరగడం కన్నా ఇప్పుడే తిరగడం మేలు.

ఒక సంగతి ఇక్కడే మనసులో పెట్టుకోండి, పై పలక దగ్గర మళ్లీ అవసరం పడుతుంది. తేమ మారినప్పుడు చెక్క అడ్డంగా పెరుగుతుంది, తగ్గుతుంది. పొడవులో మాత్రం లెక్కలోకి రానంత తక్కువ మారుతుంది.

3. పదును

ఈ మెట్టు దాటేసి ముందుకు వెళ్లకండి. మొద్దు ఉలి చెక్కను కోయదు, నలుపుతుంది. నలిగిన చెక్క మీద గీత నిలవదు. పైగా మొద్దు ఉలిని బలంగా తొయ్యాలి, బలంగా తోసినప్పుడే జారి చేతిలో దిగుతుంది.

ముందు రాయి సమంగా ఉందో లేదో చూడండి. దాని మీద పెన్సిల్‌తో గడులు గీసి, మందపాటి అద్దం మీద పరిచిన నీటి ఉప్పుకాగితంపై రుద్దండి. గడులన్నీ చెరిగిపోతే రాయి సమమైనట్టు. మధ్యలో గీతలు మిగిలితే అక్కడ గుంట ఉందని అర్థం. నీటి రాయికి నీళ్లు, నూనె రాయికి నూనె వాడండి, రెండూ కలపకండి.

తర్వాత ఉలి వెనక ముఖం. అంచు పక్కనున్న రెండు మూడు సెంటీమీటర్లు అద్దంలా అయితే చాలు, మొత్తం ఉలి అక్కర్లేదు. కొత్త ఉలికి ఇది ఒక్కసారే చేసే పని. విసుగ్గా ఉంటుంది కానీ తప్పదు. అంచు అంటే రెండు ముఖాలు కలిసే గీత, అందులో ఒకటి గరుకుగా ఉంటే అంచు కూడా గరుకే.

ఇక వాలు ముఖం. ఉలి వాలు 25 డిగ్రీలకు అరగదీసి ఉంటే, 30 డిగ్రీలకు కొంచెం లేపి అంచు దగ్గర సన్నటి పట్టీ మాత్రమే పదును పెట్టండి. మొదట్లో చేతి అంచనాతో కోణం నిలవదు. ఉలిని పట్టి ఉంచే చిన్న చక్రం గైడ్ వాడటంలో తప్పేం లేదు.

- 1000 రాయి మీద రుద్దుతూ, వెనక ముఖాన వేలితో అంచు వైపు బయటికి నిమరండి. సన్నటి గరుకు, అంటే అటు వైపు మడత పడిన లోహపు పొర, అంచు పొడవునా తగిలేదాకా ఆపకండి.
- 6000 రాయి మీద పది పదిహేనుసార్లు.
- ఉలి తిప్పి, వెనక ముఖం రాయికి పూర్తిగా ఆనించి నాలుగైదుసార్లు. గరుకు పోతుంది.

పరీక్ష రెండు రకాలు. అంచును వెలుతురుకు ఎదురుగా పట్టండి. సన్నటి తెల్ల గీత మెరిస్తే ఇంకా మొద్దుగా ఉన్నట్టు. పదునైన అంచు వెలుతురును తిప్పికొట్టదు. రెండోది, మెత్తటి చెక్క చివర భాగాన్ని అడ్డంగా పలచగా కోయండి. పొర తెగి, కోసిన చోటు నున్నగా మెరవాలి. పొడి రాలితే మళ్లీ రాయి దగ్గరికే.

తరచూ జరిగే తప్పులు:

- గరుకు రాకముందే నున్నటి రాయికి మారడం. ఎంత రుద్దినా పదును రాకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.
- వెనక ముఖం తీసేటప్పుడు ఉలి పిడి పైకి లేపడం. ఒక్కసారి లేపినా అంచు గుండ్రమవుతుంది.
- గ్రైండర్ మీద వేడి చెయ్యడం. అంచు నీలం రంగుకు తిరిగితే ఆ మేర గట్టితనం పోయినట్టే. అంత భాగం అరగదీసేయాలి.

చిత్రిక ఆకుకూ ఇదే పద్ధతి. ఆకు మీద బిగించే రెండో ఇనుమును అంచుకు 1 మి.మీ. వెనక ఉంచండి.

4. ఒక ముఖం, ఒక అంచు

ప్రతి ముక్కకూ ఒక ముఖాన్ని, దాన్ని ఆనుకున్న ఒక అంచును నమ్మకమైన ఆధారంగా తయారు చేసుకోవాలి. ఇక ఆ ముక్క మీద కొలతలన్నీ అక్కడి నుంచే. వరుస మారకూడదు:

- ముందు ఒక ముఖం సమం చేసి, పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.
- ఆ ముఖానికి మూలమట్టం ఆనించి, పక్క అంచును 90 డిగ్రీలకు తెచ్చి గుర్తు పెట్టండి.
- గేజ్‌తో మందం గీసి, ఎదుటి ముఖం ఆ గీత దాకా తీయండి.
- అలాగే వెడల్పు.

ముఖం మెలి తిరిగిందా లేదా అన్నది కంటికి నేరుగా తెలియదు. సమానమైన రెండు నిటారు పట్టీలను చెక్క రెండు చివర్లా అడ్డంగా పెట్టి, ఒక పట్టీ పైఅంచు మీదుగా రెండోదాన్ని చూడండి. రెండూ సమాంతరంగా కనిపించాలి. ఒక మూల లేచి ఉంటే, ఆ మూలా దానికి ఎదురు కోణంలో ఉన్న మూలా ఎత్తుగా ఉన్నట్టు. అక్కడే తీయండి.

చిత్రిక పట్టే దిశ పిల్లి వీపు నిమిరినట్టే. నార వాలు వెంట వెళ్తే నున్నగా పోతుంది, ఎదురు వెళ్తే లేస్తుంది. చెక్క చిరిగినట్టు అనిపిస్తే ఆకు కిందికి దించకండి, చెక్కను తిప్పండి.

ఒత్తిడి కూడా మారుతూ ఉండాలి. మొదలెట్టేటప్పుడు బరువు ముందు చేతి మీద, చెక్క చివరికి వచ్చేసరికి వెనక చేతి మీద. ఇలా చెయ్యకపోతే చివర్లు ఎక్కువ తెగి, మధ్య ఎత్తుగా మిగులుతుంది. అలా ఇప్పటికే అయిపోతే రెండు చివర్లూ వదిలేసి మధ్యలోనే తీస్తూ రండి. చిత్రికకు ఇంకేమీ తెగని స్థితి వచ్చాక ఒక్కసారి పూర్తి పొడవున లాగండి.

5. గీతలు: పెన్సిల్ కాదు, కత్తి

పెన్సిల్ గీతకు మందం ఉంటుంది. కోసేటప్పుడు దాని ఏ పక్కన కోయాలో తెలియదు. కత్తి గీతకు మందం లేదు, పైగా ఉలి మొన అందులో కూర్చుంటుంది. కోతకు సంబంధించిన ప్రతి గీతా కత్తితోనే గీయండి. పెన్సిల్ గుర్తుల కోసం, పారేయాల్సిన భాగం మీద అడ్డగీతలు కొట్టడం కోసం.

నాలుగు కాళ్లనూ నిలబెట్టి, స్టూలులో ఏది ఎక్కడో ముందే నిర్ణయించుకుని, బయటి ముఖాల మీద గుర్తులు వేయండి. తర్వాత నాలుగింటినీ పక్కపక్కన క్లాంప్ చేసి, పొడవు గీతలు నాలుగింటి మీదా ఒకేసారి గీయండి. కాలు పూర్తి పై అంచు నుంచి 15 మి.మీ. కింద బెజ్జం మొదలవుతుంది, 65 దగ్గర ముగుస్తుంది. అంటే 50 మి.మీ. పొడవు.

గేజ్ వెడల్పును స్కేలుతో పెట్టకండి. గేజ్ ముళ్లను మీ 6 మి.మీ. ఉలి అంచుకే సరిపెట్టండి. ఉలి మీద 6 అని రాసి ఉన్నా అది సరిగ్గా 6 కాకపోవచ్చు. కాలి మీద బయటి ముఖం నుంచి 12, 18 దగ్గర గీతలు పడాలి. పట్టీ మీద దాని బయటి ముఖం నుంచి 7, 13 దగ్గర. అప్పుడు పట్టీ కాలి ముఖం కన్నా 5 మి.మీ. లోపలికి కూర్చుంటుంది. చూడ్డానికి బాగుంటుంది, అర మిల్లీమీటరు తేడా వచ్చినా కంటికి ఆనదు.

పట్టీల విషయంలో అసలు కొలత మొత్తం పొడవు కాదు, రెండు కుసుల భుజాల మధ్య దూరం. భుజం అంటే కుసి మొదట్లో, పట్టీ పూర్తి మందం మొదలయ్యే అంచు. పొడవు పట్టీలకు అది 260, పొట్టివాటికి 160. ఒకే జత పట్టీలను కలిపి బిగించి ఆ గీతలు ఒకేసారి గీయండి. ఇక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా స్టూలు మూలలు లంబకోణంలో రావు.

ముందుకు వెళ్లే ముందు చూసుకోండి:

- గేజ్ ఎప్పుడూ బయటి ముఖానికే ఆనించానా?
- ప్రతి కాలికీ బెజ్జాలు పక్కపక్క ముఖాల మీద, స్టూలు లోపలి వైపే పడ్డాయా?
- పారేసే భాగం మీద గుర్తు ఉందా?

రెండో ప్రశ్న దగ్గర ఒకసారి నేను ఆగలేదు. బెజ్జం తప్పు ముఖాన తొలిచి, ఒక కాలు మొత్తం మళ్లీ చేశాను. నిమిషం పట్టే పని, తప్పకుండా చెయ్యండి.

6. బెజ్జం తొలవడం

ముందు బెజ్జం, తర్వాత కుసి. బెజ్జం వెడల్పు ఉలితోనే నిర్ణయమవుతుంది, దాన్ని సవరించలేం. కుసిని మాత్రం దానికి తగ్గట్టు పలచన చేసుకోవచ్చు.

కాలును బల్ల మీద గట్టిగా క్లాంప్ చేయండి. పక్కన కాదు, కాలు చివర నిలబడండి. అక్కడి నుంచి ఉలి కుడికో ఎడమకో వాలితే వెంటనే కనిపిస్తుంది. లోతు 28 మి.మీ., ఉలికి ఆ ఎత్తులో టేపు చుట్టుకోండి.

- రెండు చివర్లా గీతకు 2 మి.మీ. ఇవతలే ఆగండి.
- ఉలి నిలువుగా పెట్టి కొట్టండి, 3 మి.మీ. జరిగి మళ్లీ కొట్టండి, ముక్కను ఎత్తి తీయండి. అలా చివరి దాకా వెళ్లి, ఉలి తిప్పి వెనక్కి రండి.
- ఒక్కో విడతలో నాలుగైదు మి.మీ. లోతు చాలు.
- లోతు పూర్తయ్యాక ఆఖరున చివర్లను గీత మీదికి తెచ్చి నిలువుగా దించండి.

ఆ 2 మి.మీ. ఎందుకంటే, చెక్క ముక్కలు ఎత్తేటప్పుడు ఉలి చివరను ఆనుకుంటుంది. అక్కడ చెక్క నలుగుతుంది. ఆ నలిగిన భాగం తర్వాత మనం తీసేస్తాం కాబట్టి అతుకు శుభ్రంగా ఉంటుంది.

పక్క గోడలను ఉలితో నున్నగా చెయ్యాలని చూడకండి. అలా చేస్తే బెజ్జం వెడల్పవుతుంది, అతుకు వదులవుతుంది. కాస్త గరుకుగా ఉన్నా జిగురు పట్టుకుంటుంది.

ఒక కాలిలో రెండు బెజ్జాలు లోపల కలుసుకుంటాయి. రెండోది తొలిచేటప్పుడు మొదటి దాని గోడ లోపలికి విరగకుండా, మొదటి బెజ్జంలో సరిపడే చెక్క ముక్క దూర్చి ఉంచండి.

7. కుసి కోయడం

పట్టీని వైస్‌లో (ముక్కను రెండు దవడల మధ్య బిగించే పరికరం) ఏటవాలుగా బిగించి, నిలువు కోత రంపంతో మూల నుంచి మొదలెట్టండి. మీ వైపున్న గీత, పైనున్న గీత రెండూ ఒకేసారి కనిపిస్తాయి. సగం దాకా కోశాక పట్టీ తిప్పి అవతలి వైపు నుంచీ అలాగే కోయండి. ఆఖరున పట్టీని నిటారుగా బిగించి మధ్యలో మిగిలింది కోయండి. రంపం ముందున్న రెండు కోతల్లోనే దారి పట్టుకుంటుంది. గీత కుసి మీదే మిగలాలి, రంపం పారేసే వైపే నడవాలి.

భుజం గీత దగ్గర పారేసే వైపు నుంచి ఉలితో చిన్న వాలు గాడి తీయండి. అడ్డకోత రంపం అందులో కదలకుండా కూర్చుంటుంది. కంటికి కనిపించే అతుకు ఇదే, తొందర వద్దు. తర్వాత కుసి పైన 15, కింద 5 మి.మీ. కోసేయండి, 50 మిగులుతుంది.

బెజ్జాలు కలుస్తాయి కాబట్టి కుసి కొసలను 45 డిగ్రీలకు కోయాలి. పొడవాటి మొన స్టూలు బయటి ముఖం వైపు ఉండాలి. ఇది తిరగేస్తే రెండు కుసులు లోపల ఢీకొంటాయి.

బిగువు ఎంత ఉండాలి? చేత్తో గట్టిగా తోస్తే సగం దాటి వెళ్లాలి, మిగతాది కొడతితో రెండు మెత్తటి దెబ్బలకు కూర్చోవాలి. సుత్తి దెబ్బలతో బలవంతంగా దిగితే కాలు చీలుతుంది. తలకిందులు చేస్తే జారి పడిపోతే వదులు.

- బిగువు ఎక్కువైతే: వెడల్పు ఉలితో నారకు అడ్డంగా పలచటి పొరలు తీయండి. ఒక్కో పొరకూ ఒకసారి దూర్చి చూడండి.
- వదులైతే: అదే చెక్క పలచటి పొరను కుసి మీద జిగురుతో అతికించి, ఆరాక మళ్లీ సరిచేయండి. జిగురు ఎక్కువ పోస్తే సర్దుకుంటుందన్నది నిజం కాదు. మామూలు తెల్ల జిగురుకు ఖాళీని నింపి బరువు మోసే శక్తి లేదు.
- భుజం దగ్గర సందు ఉంటే: ముందు కుసి బెజ్జం అడుగున తగులుతోందేమో చూడండి. చాలాసార్లు అదే కారణం, ఒక మిల్లీమీటరు కొస కోస్తే పోతుంది.

ప్రతి కుసికీ దాని బెజ్జానికీ ఒకే అంకె వేయండి.

8. ముందు పొడిగా, తర్వాత జిగురుతో

జిగురు లేకుండా మొత్తం కూర్చి, క్లాంప్‌లు కూడా బిగించి చూడండి. ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ సమానంగా ఉంటే మూలలు లంబకోణంలో కుదిరినట్టు. తేడా ఉంటే పొడవుగా ఉన్న మూల నుంచి మూలకు క్లాంప్ కొద్దిగా లాగండి.

జిగురు పట్టించాక మీ చేతిలో ఉండేది పది నిమిషాల లోపే. అందుకే మొత్తం ఒకేసారి అతికించకండి. మొదటి రోజు పొట్టి పట్టీలతో రెండు చట్రాలు, మర్నాడు పొడవు పట్టీలతో వాటిని కలపడం. టెన్షన్ సగం తగ్గుతుంది.

జిగురు బెజ్జం గోడలకు సన్నటి పుల్లతో రాయండి, కుసికి పలచగా చాలు. అడుగున గుంటకడితే కుసి దిగదు. క్లాంప్ కాలు మధ్యకు సూటిగా పట్టీ మీదికే పడాలి. పక్కకు పడితే కాలు మెలి తిరుగుతుంది. బయటికొచ్చిన జిగురును తడిగుడ్డతో పులమకండి. అరగంట ఆగితే ముద్దలా అవుతుంది, అప్పుడు ఉలితో ఎత్తేయండి. పులిమిన జిగురు నారలోకి పోయి, పాలిష్ వేశాక మచ్చలా తేలుతుంది.

రోజంతా ఆరనిచ్చాక, కాళ్ల పైన మిగిల్చిన అదనపు ముక్కలు కోసి, పట్టీలతో సమంగా చిత్రిక పట్టండి.

9. పై పలక

పలకకు అతికే రెండు చెక్కలనూ పుస్తకం మూసినట్టు ఒకదానికొకటి ఆనించి, వైస్‌లో బిగించి, రెండు అంచులకూ కలిపి చిత్రిక పట్టండి. చిత్రిక కాస్త వాలినా ఒక అంచు తప్పును రెండోది సరిచేస్తుంది. అతికే ముందు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెలుతురుకు చూడండి. ఎక్కడా వెలుతురు కనిపించకూడదు.

ఈ పలకను చట్రానికి జిగురుతో అతికించకండి. నాలుగు వైపులా మేకులూ కొట్టకండి. 300 మి.మీ. వెడల్పు పలక తేమను బట్టి రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. కదలనివ్వకపోతే పగులుతుంది. నా మొదటి స్టూలు పలక అలాగే మధ్యకు చీలింది.

బదులుగా చెక్క బిళ్లలు చేయండి. పట్టీల లోపలి వైపు, పై అంచుకు 10 మి.మీ. కింద 6 మి.మీ. గాడి తీయండి. బిళ్లకు ఆ గాడిలో దూరే నాలుక ఉంటుంది. బిళ్ల పై ముఖం నుంచి నాలుకకు దూరం 9.5 మి.మీ. ఉంచితే, కింది నుంచి పలకలోకి స్క్రూ బిగించినప్పుడు పలక కిందికి లాగబడుతుంది. పొట్టి పట్టీల్లో గాడిని బిళ్ల కన్నా పొడవుగా తీయండి. పొడవు పట్టీల దగ్గర బిళ్లకూ పట్టీకీ మధ్య 3 మి.మీ. సందు వదలండి. స్క్రూ పొడవును ముందే పలక మందంతో సరిచూసుకోండి, పైకి తేలితే బాగు చెయ్యలేం.

10. కాళ్లు సమం చేయడం, పాలిష్

స్టూలును సమమైన బల్ల మీద పెట్టండి. ఊగితే పొట్టి కాలి కింద కాగితాలు దూర్చి ఊపు ఆపి, ఒక చెక్క ముక్క మీద పెన్సిల్ ఆనించి నాలుగు కాళ్ల చుట్టూ ఒకే ఎత్తులో గీత గీయండి. ఆ గీత దగ్గర కోయండి. కాలి అడుగు అంచులను కొద్దిగా వాలుగా తీస్తే నేల మీద జరిపినప్పుడు పేడు లేవదు.

పదునైన చిత్రికతో తీసిన ముఖానికి ఉప్పుకాగితం పెద్దగా అక్కర్లేదు. అవసరమైన చోట 120, 180, 220 వరుసలో నార వెంటే రుద్దండి. చేయి తగిలే అంచులన్నీ మొద్దు చేయండి.

నూనె పాలిష్ మొదటిసారికి తేలిక. "బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్" పేరుతో దొరికే అవిసె నూనెను పలచగా రాసి, పావుగంట తర్వాత మిగిలింది మొత్తం తుడిచేయండి. మర్నాడు ఇంకో పూత, తర్వాత మరొకటి. తుడవకుండా వదిలితే జిగటగా మిగిలిపోతుంది. ఆ నూనె గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

ఆర్నెల్ల తర్వాత స్టూలు తిరగేసి, బిళ్లల స్క్రూలు ఒకసారి చూడండి. చెక్క తేమ పోయి వదులైనవి పావు చుట్టు బిగిస్తే చాలు.